హైదరాబాద్ ఎత్తు 7170 మీటర్లు

2000 సంవత్సరం ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగి, రాడార్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచింది. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల దాకా, అంటే భూమ్మీది నేలలో ఇంచుమించు ఎనభై శాతం ఆ కొలతలోకి వచ్చింది. ఎస్‌ఆర్‌టీఎం అని పిలిచే ఆ సమాచారాన్ని ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ఉన్న ఒక్కో ముక్కకు ఒక్కో ఫైలు. హైదరాబాద్ ఉన్న ముక్క పేరు ఎన్17ఈ078.హెచ్‌జీటీ. ఉత్తర అక్షాంశం 17, తూర్పు రేఖాంశం 78 దగ్గర మూల ఉన్న చదరం అని దాని అర్థం.

ఈ ఫైలుకు ముందుమాట లేదు. ఎవరు కొలిచారు, ఏ తేదీన, ఏ ప్రమాణంలో, ఏదీ రాసి ఉండదు. మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఎత్తులే. వరసకు 3601 చొప్పున 3601 వరసలు, ఒక్కో ఎత్తుకు రెండు బైట్లు. గుణిస్తే 2,59,34,402 బైట్లు. ఫైలు సైజు సరిగ్గా అంతే ఉంటే, ఇది 3601 వరసల ఫైలు అని చదివే ప్రోగ్రాం గ్రహిస్తుంది. 28,84,802 బైట్లే ఉంటే 1201 వరసల ముతక ఫైలు అన్నమాట. సైజును బట్టి లోపలి సంగతి ఊహించుకోవడమే ఇక్కడ పద్ధతి.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఒక బైటులో 0 నుంచి 255 వరకే పడుతుంది కాబట్టి 540ని రెండు బైట్లలో పంచుకోవాలి: 256 చొప్పున 2 సార్లు, పైన ఇంకో 28. ఎస్‌ఆర్‌టీఎం ఫైలులో పెద్ద భాగమైన 2 ముందు, 28 తరవాత ఉంటాయి. మన ల్యాప్‌టాప్‌లలో ఉండే చిప్‌లు మాత్రం చిన్న భాగం ముందుంటుందని అనుకుంటాయి. ఆ సంగతి చెప్పకుండా ఫైలును చదివితే 28ని 256తో హెచ్చించి 2 కలుపుతాయి. హైదరాబాద్ ఎత్తు 7170 మీటర్లు అవుతుంది. హిమాలయాల్లోని త్రిశూల్ శిఖరం కన్నా చార్మినార్ ఎత్తున నిలుస్తుంది.

ఇది మంచి తప్పు. చూడగానే తెలిసిపోతుంది. ఈ అధ్యాయమంతా చూడగానే తెలియని తప్పుల గురించి.

ఎత్తుకు రెండు బైట్లు, అంటే 16 బిట్లు ఎందుకు పెట్టారో ఆలోచిస్తే, అంకె వెడల్పును ఎలా నిర్ణయించాలో తెలుస్తుంది. 16 బిట్లలో 65,536 వేర్వేరు విలువలు పడతాయి. మైనస్ కూడా కావాలంటే అవి -32,768 నుంచి 32,767 దాకా. ఎవరెస్టు 8,849 మీటర్లు, మృత సముద్రపు ఒడ్డు సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్ల పైచిలుకు లోతున. మీటర్లలో చెప్పుకుంటే ఈ రెండూ ఆ హద్దుల్లో సుఖంగా ఇముడుతాయి. అదే సెంటీమీటర్లలో రాయాలని ఎవరైనా పట్టుబట్టి ఉంటే 327 మీటర్ల దగ్గరే హద్దు వచ్చేది, హైదరాబాద్ కూడా పట్టేది కాదు. కాబట్టి బిట్ల ఎంపిక, ప్రమాణం ఎంపిక రెండు వేర్వేరు నిర్ణయాలు కావు. అట్టడుగు విలువ -32,768ని కొలతకు వాడలేదు. రాడార్‌కు అందని కొండనీడలు, నీటి మీద సంకేతం తిరిగి రాని చోట్లు, వీటికి గుర్తుగా దాన్ని కేటాయించారు. ఆ సంగతి తెలియనివాడు జిల్లా సగటు ఎత్తు కడితే, జిల్లా భూగర్భంలోకి పోతుంది.

ఇప్పుడు ఒక విద్యార్థి ఆ ఖాళీలను పూరించాలనుకున్నాడని అనుకుందాం. పైథాన్‌లో చుట్టుపక్కల ఎత్తుల నుంచి అంచనా కట్టి, కొత్త విలువలను నంపై అరేలో పెట్టి, ఫైలులోకి దింపాడు. అరే కట్టేటప్పుడు అంకె వెడల్పు ఎంతో చెప్పలేదు. లైనక్స్‌లో నడిపితే నంపై తనంతట తానే 64 బిట్ల అంకె ఎంచుకుంటుంది. ఫైలు 10,37,37,608 బైట్లవుతుంది. అదే కోడ్‌ను, ఒక్క అక్షరం మార్చకుండా, స్నేహితుడి విండోస్ యంత్రంలో పాత నంపైతో నడిపితే 32 బిట్లు ఎంచుకుంటుంది; ఫైలు 5,18,68,804 బైట్లు. 2024లో నంపై 2.0 వచ్చాకే విండోస్‌లోనూ 64 బిట్లు అలవాటు విలువ అయింది. మొదటి ఫైలును ఇంకెవరో 16 బిట్ల అంకెలుగా చదివితే 540, 0, 0, 0, 540, 0, 0, 0 అని కనిపిస్తుంది. ప్రతి ఎత్తు పక్కనా మూడు సున్నాలు. బోలెడంత సముద్రతీరం.

మన పాత కొలపాత్రలు కూడా కంప్యూటర్ వెడల్పుల్లాగే రెట్టింపవుతూ పోయేవి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. 8, 16, 32, 64 అన్నట్టే. ధాన్యం ఇచ్చేవాడు పాత్ర పేరు చెప్పకుండా "నాలుగు" అని రాసి పంపితే పుచ్చుకునేవాడు ఏం చేస్తాడు? కోడ్‌లో పూర్ణాంకానికి ఉత్తినే "ఇంట్" అని రాయడం అలాంటిదే. ఇంట్ అనేది ఆ యంత్రానికి అనువైన పాత్ర, అంతే.

ఆ అస్పష్టత కావాలని పెట్టుకున్నదే. సీ భాష పీడీపీ-11 మీద ఎదిగినప్పుడు ఇంట్ అంటే 16 బిట్లు. తరవాత 32 బిట్ల యంత్రాలు వచ్చాయి, ఇంట్ వాటితోపాటు పెరిగింది. భాషా ప్రమాణం ఇప్పటికీ "కనీసం 16 బిట్లు" అనే అంటుంది. లాంగ్ అనే ఇంకో పూర్ణాంక రకం సంగతి ఇంకా తిరకాసు: 64 బిట్ల లైనక్స్‌లో అది 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో 32. ప్రోగ్రాం వేగంగా నడవడానికి ఈ సౌలభ్యం పనికొచ్చింది. ఫైలు రాయడానికి మాత్రం ఇది ఎన్నడూ పనికిరాలేదు, ఎందుకంటే ఫైలు ఆ యంత్రంలోనే ఉండిపోదు. 1999 నాటి సీ ప్రమాణం ఇంట్16_టీ, ఇంట్32_టీ లాంటి కచ్చితమైన పేర్లను తెచ్చింది. పాతికేళ్లు దాటినా, కొలతల ఫైళ్లు రాసే కోడ్‌లో ఇంకా ఉత్త ఇంట్, లాంగ్ కనిపిస్తూనే ఉంటాయి. ఇంజినీరింగ్ విద్యార్థులు సెన్సర్ ప్రాజెక్టులకు వాడే ఆర్డ్యునో ఊనో ఆర్3 బోర్డులో ఇంట్ నేటికీ 16 బిట్లే. అందులో మిల్లీసెకన్లను ఇంట్‌లో దాచుకుంటే 32.767 సెకన్ల తరవాత కాలం మైనస్‌లోకి వెళుతుంది. ఆ ప్రోగ్రామే ల్యాప్‌టాప్ మీద పరీక్షించినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసి ఉంటుంది.

ఈ తలనొప్పి ఖగోళ శాస్త్రజ్ఞులకు ముందే అనుభవమైంది. 1970లలో ఒక్కో అబ్జర్వేటరీలో ఒక్కో రకం కంప్యూటర్ ఉండేది. కొన్నిటిలో వర్డ్ అంటే 16 బిట్లు, కొన్నిటిలో 32, పీడీపీ-10లో 36, సీడీసీ యంత్రాల్లో 60. ఒక చోట టేపు మీద రాసిన బొమ్మను ఇంకో చోట చదవడమంటే వారాల పని. దాన్నుంచి పుట్టినదే ఫిట్స్ అనే ఫార్మాట్. దాని వివరాలు 1981లో ప్రచురితమయ్యాయి. ఫిట్స్ ఫైలు 2880 బైట్ల దిమ్మెలుగా ఉంటుంది. విచిత్రంగా కనిపించే ఈ సంఖ్య వెనక లెక్క ఉంది. 2880 బైట్లంటే 23,040 బిట్లు. దాన్ని 16తో, 24తో, 32తో, 36తో, 48తో, 60తో దేనితో భాగించినా శేషం మిగలదు. ఏ యంత్రమైనా తన వర్డ్‌లలోకి దిమ్మెను తెంపులేకుండా నింపుకోగలదు. 60 బిట్ల యంత్రాలు మ్యూజియంలకు చేరాయి. 2880 మాత్రం నేటికీ ప్రతి ఫిట్స్ ఫైలులోనూ ఉంది.

ఫిట్స్ చేసిన రెండో మేలు, అంకె వెడల్పును ఫైలు మొదట్లోనే అక్షరాల్లో రాయించడం. బిట్‌పిక్స్ అనే పదం పక్కన 16 అంటే 16 బిట్ల పూర్ణాంకం, 32 అంటే 32 బిట్లది. -32 అంటే దశాంశ సంఖ్య. మైనస్ గుర్తుతో దశాంశాన్ని సూచించడం నాకు కొంచెం పొదుపరితనంగా అనిపిస్తుంది గానీ, ముప్ఫై ఏళ్లకు పైగా ఎవరినీ తికమకపెట్టలేదు. ఒక లోటు మాత్రం ఉంది. 16 బిట్ల అంకెలన్నీ మైనస్‌తో కలిపినవే, ఉత్త ధన సంఖ్యల రకం లేదు. తరవాత విరివిగా వాడుకలోకి వచ్చిన సీసీడీ కెమెరాలేమో 0 నుంచి 65,535 దాకా ఇస్తాయి. దానికి ఒక ఉపాయం చేశారు: ప్రతి విలువలోంచీ 32,768 తీసేసి రాయడం, హెడర్‌లో బీజీరో = 32768 అని పెట్టడం. చదివేవాడు ఆ సంఖ్యను తిరిగి కలుపుకోవాలి. కలుపుకోని తొందరపాటు ప్రోగ్రాంలో, 300 వెలుతురున్న చీకటి ఆకాశం -32,468 అవుతుంది.

వాతావరణ శాస్త్రానికి అలాంటి ఫార్మాట్ నెట్‌సీడీఎఫ్. కొలరాడోలోని బౌల్డర్‌లో ఉన్న యూనిడేటా 1980ల చివర్లో దాన్ని తయారుచేసింది. తొలి రోజుల్లో 32 బిట్ల అంకెకు అక్కడ ఎన్‌సీ_లాంగ్ అని పేరు పెట్టారు, ఎందుకంటే అప్పటికి చాలా యంత్రాల్లో లాంగ్ అంటే అంతే. 64 బిట్ల లాంగ్‌లు వచ్చాక ఆ పేరు అబద్ధమైపోయింది. ఎన్‌సీ_ఇంట్ అని మార్చి, పాత కోడ్ ఆగిపోకూడదని పాత పేరును కూడా మిగిల్చారు. అంటే ఆ లైబ్రరీలో లాంగ్ అని రాసి ఉన్నా ఫైలులోకి వెళ్లేది 32 బిట్లే. మీ ప్రోగ్రాం మెమరీలో ఉన్న లాంగ్ 64 బిట్లది కావచ్చు. మధ్యలో లైబ్రరీ దాన్ని కుదిస్తుంది. మెమరీలో ఒక రకం, ఫైలులో ఇంకో రకం, వాటి మధ్య మార్పిడి: ఈ మూడింటినీ విడివిడిగా చూడగలిగినవాడికి సగం చిక్కులు ఉండవు.

మార్పిడిలో అంకె పట్టకపోతే ఏమవుతుంది? ఒక్కో లైబ్రరీది ఒక్కో స్వభావం. నెట్‌సీడీఎఫ్ సీ లైబ్రరీ హద్దు దాటిందని ఒక ఎర్రర్ కోడ్ ఇస్తుంది, కానీ మిగతా విలువలను రాసేస్తుంది. మీరు ఆ కోడ్‌ను చూసుకోకపోతే అంతే. హెచ్‌డీఎఫ్5 అనే మరో డేటా ఫార్మాట్ లైబ్రరీ మామూలుగా ఏ ఎర్రరూ ఇవ్వదు. హద్దు దాటినవాటిని హద్దు దగ్గర ఆపి 32,767గా రాస్తుంది. నంపైలో రకం మార్చమంటే పై బిట్లను కోసేస్తుంది: 40,000ను 16 బిట్లలోకి మార్చితే -25,536 వస్తుంది, హెచ్చరిక ఉండదు.

ఈ విషయం ఎత్తగానే అందరూ ఏరియాన్ 5 కథ చెబుతారు. 1996 జూన్ 4న, ఫ్రెంచ్ గయానా నుంచి లేచిన ఆ రాకెట్‌లో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోయి, పట్టక, మార్గదర్శక వ్యవస్థ ఆగిపోయింది. నిమిషం గడవకముందే రాకెట్ ముక్కలైంది. గొప్ప పాఠమే, కాదనను. కానీ అక్కడ తప్పు గట్టిగా అరిచింది. దర్యాప్తు జరిగింది, ఏ వరసలో పొరపాటో తేలింది. డేటా ఫైలులో తప్పుకు నోరు లేదు. ఆ ఫైలు మీద పరిశోధనా పత్రం రావచ్చు, ఆ పత్రాన్ని ఇంకో పది పత్రాలు ఉదహరించవచ్చు.

నేను చూసినవాటిలో అన్నిటికన్నా మోసకారి తప్పు కుదింపు దగ్గర పుడుతుంది. ఉష్ణోగ్రతలను దశాంశాలతో రాస్తే చోటెక్కువ పడుతుంది కాబట్టి, వాతావరణ కేంద్రాలు వాటిని 16 బిట్ల పూర్ణాంకాలుగా మార్చి, పక్కన రెండు సంఖ్యలు పెడతాయి: గుణకం ఒకటి, కలపాల్సినది ఒకటి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా రోజూ ఇచ్చే సముద్రోపరితల ఉష్ణోగ్రతల్లో గుణకం 0.01. అంటే 2,915 అని ఉంటే 29.15 డిగ్రీలు. ఖాళీకి గుర్తు -999, విప్పితే -9.99 డిగ్రీలు. సముద్రపు నీరు -1.8 దగ్గరే గడ్డకడుతుంది కనుక ఆ గుర్తు నిజమైన కొలతతో ఎప్పటికీ తగువు పడదు. కొలిచే వస్తువు సంగతి తెలిసినవాళ్లు చేసిన ఎంపిక అది.

అయితే ఇంకో పద్ధతి ఉంది. ఫైలులో ఉన్న కనిష్ఠ, గరిష్ఠ విలువలను చూసి, ఆ మధ్య దూరానికి సరిపోయేలా గుణకాన్ని ఫైలు ఫైలుకూ కొత్తగా కట్టడం. యూరోపియన్ వాతావరణ కేంద్రం ఈఆర్‌ఏ5 అనే వాతావరణ సమాచారాన్ని చాలాకాలం ఇలాగే ఇచ్చింది. సూక్ష్మత బాగా దక్కుతుంది, నిజమే. ఇప్పుడు తెలంగాణకు జనవరి ఫైలు ఒకటి, మే ఫైలు ఒకటి దించుకున్నామనుకోండి. జనవరిలో విలువలు 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నాయి. 65 వేల పైచిలుకు మెట్లు ఆ 25 డిగ్రీల్లోనే సర్దుకున్నాయి, నడుమ 22.5. రెండు ఫైళ్లనూ ఎక్స్‌అరే లాంటి ఉపకరణంతో కలిపి ఒకే ఫైలుగా రాస్తే, అది మొదటి ఫైలు గుణకాన్నే గుర్తుపెట్టుకుని మొత్తానికి వాడే అవకాశం ఉంది. మే నెలలో రామగుండంలో 46 డిగ్రీల మధ్యాహ్నం ఒకటి వచ్చింది. ఆ గుణకం ప్రకారం అది 61,602వ మెట్టు. 16 బిట్లలో పై హద్దు 32,767. పట్టని భాగం కోతపడి సాధారణంగా -3,934గా మిగులుతుంది. మళ్లీ విప్పి చదివితే 21 డిగ్రీలు.

రామగుండంలో మే మధ్యాహ్నం 21 డిగ్రీలు! ఆ ఊరి మనిషికి చూపిస్తే పడీపడీ నవ్వుతాడు. కానీ ఆ ఫైలును చూసేది మనిషి కాదు, సగటు కట్టే ప్రోగ్రాం. 21 అనేది భూమ్మీద ఎక్కడైనా ఉండదగిన ఉష్ణోగ్రతే కనుక హద్దుల పరీక్ష కూడా దాన్ని దాటనిస్తుంది. పైగా తప్పు దొర్లేది వేడి రోజుల్లోనే, అంటే వడగాడ్పుల గురించి వెతికేవాడికి సరిగ్గా వడగాడ్పులే మాయమవుతాయి. మందు చిన్నదే: కలిపిన ఫైలు రాసేముందు పాత గుణకాన్ని చెరిపేసి, దశాంశ సంఖ్యలుగానే రాయడం, లేదా మొత్తం విలువలను చూసి కొత్త గుణకం కట్టడం.

కాలాన్ని రాసేటప్పుడు ప్రమాణం ఎంత ముఖ్యమో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1900 జనవరి 1 నుంచి గంటలను 16 బిట్లలో లెక్కపెడితే 1903 సెప్టెంబరుకే అయిపోతాయి. 32 బిట్లలో అయితే రెండు లక్షల ఏళ్లకు పైగా సరిపోతాయి. 1970 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే యంత్రాలకు గడువు 2038 జనవరి 19, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. 2005లో టెంపెల్ 1 తోకచుక్కను ఢీకొట్టే ప్రయోగం చేసిన డీప్ ఇంపాక్ట్ నౌక 2013 ఆగస్టులో మూగబోయింది. నౌకలోని కంప్యూటర్లు సమయాన్ని గుర్తించే తీరులోనే లోపం ఉండి ఉంటుందని నాసా అనుమానించింది. 2000 జనవరి 1 నుంచి సెకనులో పదోవంతుల చొప్పున, మైనస్ లేని 32 బిట్ల లెక్క 2013 ఆగస్టు 11న నిండిపోతుంది.

64 బిట్లు ఇస్తే ఈ బాధ పోతుందనుకోవడమూ పొరపాటే. పైథాన్‌లో పాండాస్ కాలాన్ని 64 బిట్లలోనే దాస్తుంది, కాకపోతే నానోసెకన్లలో. దాంతో దానికి తెలిసిన చరిత్ర 1677 నుంచి 2262 దాకానే. ఆసియా రుతుపవన కరువులను చెట్ల వలయాల నుంచి పునర్నిర్మించిన పటాలు 1300 నుంచి మొదలవుతాయి. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలం. వాటిని తెరవబోతే ఆ తేదీలు హద్దులో లేవని పాండాస్ చెప్పేది. కరువు లెక్కకు నానోసెకను ఎవరికి కావాలి? 2023లో వచ్చిన 2.0 నుంచి సెకన్ల ప్రమాణాన్ని కూడా ఒప్పుకుంటోంది.

మరి ఏ వెడల్పు ఎంచుకోవాలి? పరికరం ఇచ్చే ముడి సంఖ్యలకైతే పరికరం వెడల్పే సరైనది. 12 బిట్ల సెన్సర్‌కు 16 బిట్లు, అంతకు మించి ఇస్తే లేని సూక్ష్మత ఉన్నట్టు కనిపిస్తుంది. లెక్కకట్టిన విలువలకు మాత్రం ఉదారంగా ఉండడమే మేలని నా అభిప్రాయం. పొదుపు కోసం 16 బిట్లలో ఇరికించే అలవాటు డిస్కులు ఖరీదైన కాలానిది. ఈనాటి హెచ్‌డీఎఫ్5, నెట్‌సీడీఎఫ్-4 ఫైళ్లలో బైట్లను వాటి స్థానాల వారీగా పేర్చి, ఆపైన కుదించే సదుపాయం ఉంది. 32 బిట్ల అంకెల్లో పై రెండు బైట్లూ ఎక్కువగా సున్నాలే అయితే, కుదింపు తరవాత అవి దాదాపు చోటు తీసుకోవు. కోడ్‌లో రకం పేరును వెడల్పుతో సహా, బైట్ల వరసతో సహా రాయడం, రాసేముందు కనిష్ఠ గరిష్ఠాలను హద్దులతో పోల్చి, దాటితే ప్రోగ్రాంను అక్కడికక్కడే ఆపేయడం, రెండూ కలిపి నాలుగు వరసల పని. పరీక్షకు మామూలు రోజు సమాచారం పనికిరాదు. రికార్డు వేడి, రికార్డు వాన, ఖాళీ గుర్తు ఉన్న చోటు, ఇవి పెట్టి చూడాలి.

ధన సంఖ్యలకే కేటాయించిన రకాలతో తీసివేత చేసేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం లెక్కకు సమీప పరారుణ కాంతి విలువలోంచి ఎరుపును తీసి, రెండిటి మొత్తంతో భాగిస్తారు. నీటి మీద పరారుణం తక్కువ. నాగార్జునసాగర్ జలాశయం మీద 20లోంచి 30 తీసివేయాలి. 8 బిట్ల ధన సంఖ్యల్లో జవాబు 246. ఫలితం 4.92. ఈ సూచిక 1 దాటదు కాబట్టి పట్టుబడుతుంది. ముందే దశాంశాల్లోకి మార్చుకుంటే ఆ గొడవే లేదు.

పూర్ణాంకాన్ని దశాంశంగా మార్చకూడని చోటు కూడా ఒకటుంది. గయా ఉపగ్రహం పరిశీలనలతో 2022లో విడుదలైన మూడో జాబితాలో 181 కోట్ల పైచిలుకు నక్షత్రాలు, తదితర కాంతిమూలాలు ఉన్నాయి. ప్రతిదానికీ 64 బిట్ల నంబరు ఇచ్చారు. అందులోనే అది ఆకాశంలో ఏ గడిలో ఉందో ఇమిడి ఉంటుంది, అందుకే చాలా నంబర్లకు 19 అంకెలు. 64 బిట్ల దశాంశ సంఖ్య పూర్ణాంకాలన్నిటినీ కచ్చితంగా పట్టగలిగేది దాదాపు 16 అంకెల దాకానే, ఎక్సెల్ అయితే 15 అంకెల దగ్గరే చాలించుకుంటుంది. ఆర్ భాషలో సహజంగా ఉన్న పూర్ణాంకం 32 బిట్లదే కాబట్టి, పెద్ద సంఖ్య వస్తే అది మారు మాట్లాడకుండా దశాంశంలోకి దూకుతుంది. ఆ జాబితాను సీఎస్‌వీగా దించి తెరిస్తే చివరి అంకెలు గుండ్రమైపోయి, నంబరు ఎవరికీ చెందనిదవుతుంది, లేదా అదే గడిలో ఉన్న ఇంకో నక్షత్రానిది అవుతుంది. రెండు జాబితాలను ఆ నంబరుతో జతచేసినవాడికి ఒక నక్షత్రం వేగం, దాని పొరుగు నక్షత్రం రంగు కలిసి వస్తాయి. ఫిట్స్ పట్టికలో కే అనే రకం 64 బిట్ల పూర్ణాంకానికే ఉంది, అందులో దించుకోవచ్చు. సీఎస్‌వీ తప్పనిసరైతే ఆ నిలువు వరసను సంఖ్యగా కాకుండా అక్షరాలుగా చదవమని ముందే చెప్పాలి. దాన్ని ఎవరూ కూడరు, తీసివేయరు కదా.